పాత ప్రెసిషన్ బాస్ కొంటున్నారా? ముందు ఆ 13 స్క్రూలు విప్పండి

నా దగ్గరున్నది 1977 నాటి ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బాస్ గిటార్. సన్‌బర్స్ట్ రంగు, మేపుల్ ఫ్రెట్‌బోర్డు. డాలస్ దగ్గర చర్చిలో వాయించే ఒక పెద్దాయన ఇంట్లో కొన్నాను. దానికి ముందు ఒక కొట్టువాడు "అంతా ఒరిజినలే" అంటే నమ్మి ఇంకోటి కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పితే లోపల పాట్స్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు) కొత్తవి, పైన రంగు మళ్లీ వేసింది. అప్పటినుంచి విప్పి చూడకుండా డబ్బు తియ్యను. అందుకే ఫోన్‌లోనే అడిగేయండి: "పిక్‌గార్డ్ విప్పి చూడొచ్చా?" పిక్‌గార్డ్ అంటే బాడీ మీద స్క్రూలతో బిగించిన పలక. అమ్మేవాళ్లు నసిగితే వెళ్లడం దండగ.

వెళ్లాక వెంటనే విప్పకండి. తీగలు బిగువు మీద ఉండగానే నెక్, అంటే తీగలు నొక్కే పొడుగాటి భాగం, చూడాలి. ముందు శ్రుతి చేయండి. లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర ఒక వేలితో, చిట్టచివరి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కి పట్టుకోండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే బాగున్నట్టే. సందు మరీ ఎక్కువుంటే "ట్రస్ రాడ్ కాస్త తిప్పితే సరిపోతుంది" అంటారు. అది నెక్ వంపు సరిచేసే లోపలి లోహపు కడ్డీ. ఆ తిప్పేదేదో మీ ఎదురుగా తిప్పమనండి. ఈ మోడల్‌లో ఆ నట్టు నెక్‌కి బాడీ వైపు చివర ఉంటుంది, నెక్ ఊడదీస్తే గానీ అందదు. నట్టు ఇప్పటికే చివరిదాకా బిగిసిపోయి ఉంటే ఆ బాస్ జోలికి పోవద్దు.

తర్వాత స్ట్రాప్ తగిలించుకుని పది నిమిషాలు నిలబడండి. 70ల్లో వాడిన యాష్ చెక్క బరువు. నాది 4.7 కిలోలు. మొన్న ఉగాది ప్రోగ్రామ్‌లో మూడు గంటలు మోసేసరికి రెండు రోజులు భుజం లేవలేదు.

ఆంప్‌లో పెట్టేముందు ఒక చిన్న పని. కేబుల్ ఒక కొస బాస్‌కి గుచ్చి, రెండు నాబ్‌లూ ఫుల్లుగా తిప్పి, రెండో కొస మీద మల్టీమీటర్ పెట్టండి. సుమారు 10 కిలో ఓమ్స్ చూపించాలి. ఈ పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) రెండు ముక్కలు, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. కాబట్టి సగమే చూపిస్తే ఒక ముక్క షార్ట్ అయినట్టు. 200 పైన చూపిస్తే పికప్ లోపలి వైరు తెగిపోయింది, మీరు చూస్తున్నది వాల్యూమ్ పాట్ రీడింగ్.

ఇప్పుడు విప్పుదాం. తీగలు పూర్తిగా వదులు చేసి, పిక్‌గార్డ్‌కున్న 13 స్క్రూలు తీయండి. పాట్స్, జాక్ పిక్‌గార్డ్‌తో పాటే పైకొస్తాయి, పికప్ మాత్రం బాడీలోనే ఉండిపోతుంది, దాని వైర్లు పాట్స్‌కి అతికి ఉంటాయి. లాగేశారో, పాత టంకం ఊడుతుంది! మెల్లగా పక్కకి తిప్పి, పాట్ మీద అచ్చయిన అంకెలు చదవండి. నాదాంట్లో 137 7712. 137 అంటే సీటీఎస్ కంపెనీ, 77 సంవత్సరం, 12 వారం. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే నెక్ చివర) మీద ఎస్7తో మొదలయ్యే సీరియల్ నంబరుకి ఇది సరిపోయింది. 1976 చివర్లో నంబరు హెడ్‌స్టాక్ మీదకి వచ్చింది. అంతకుముందు నెక్ వెనక ప్లేటు మీద ఉండేది. ప్లేటంటే నాలుగు స్క్రూల పని, ఎవరైనా మార్చేయొచ్చు. అందుకే నంబరొక్కటే చూసి సంవత్సరం ఖాయం చేయకండి. పాట్ ఆ సంవత్సరం కన్నా తర్వాతిదైతే మార్చారని అర్థం. ముందుదైతే కంగారు పడక్కర్లేదు. 1966లో ఫెండర్ వాళ్లు పాట్స్ కుప్పలుగా కొని పెట్టుకున్నారు, 1969 గిటార్లలో కూడా అవే కనిపిస్తాయి.

పిక్‌గార్డ్ కింద ఎండ తగలని రంగు ఎలాగుందో కూడా చూడండి. పైనా కిందా ఒకేలా మెరుస్తుంటే నాకైతే అనుమానమే.

రంగు మళ్లీ వేస్తే ధర దాదాపు సగానికి పడిపోతుందని వీటిని కొని అమ్మేవాళ్ల లెక్క. దాచుకోవడానికైతే అలాంటిది వద్దు. వాయించడానికైతే అంతకు మించిన బేరం లేదు. ఫ్రెట్లు కొత్తగా వేయించారంటే నేనింకా సంతోషిస్తాను, ఆ ఖర్చు నాకు తప్పింది కదా. ఎప్పటికైనా ఇండియా తీసుకెళ్లాలనుకుంటే మాత్రం 60ల నాటి రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు గురించి ముందే ఆలోచించండి. అది బ్రెజిల్ చెక్కయితే 1992 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి, దేశం దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. మేపుల్‌కి ఆ టెన్షన్ లేదు.

మళ్లీ బిగించేటప్పుడు స్క్రూని ముందు ఎడమకి తిప్పండి. పాత మరలో పడగానే "టిక్" అంటుంది, అప్పుడు కుడికి. నేరుగా బిగిస్తే చెక్కలో కొత్త గాడి పడి, కొన్నాళ్లకి స్క్రూ నిలవదు. నేనలా తిప్పడం చూశాకే పెద్దాయన మొహంలో బిగువు తగ్గింది. "పికప్ మీదా, బ్రిడ్జి (తీగల కింది చివర ఆనే చోటు) మీదా ఉండే క్రోమ్ కవర్లు ఉన్నాయా?" అని అప్పుడడిగాను. వాయించేవాళ్లు కొనగానే తీసి పక్కన పడేస్తారు, దాచుకునేవాళ్లు వెతుక్కుంటారు. ఆయన గరాజ్‌లోకి వెళ్లి, మేకుల డబ్బా అడుగునుంచి రెండూ తీసుకొచ్చాడు.