ఆక్వాటిక్ పార్క్ చన్నీళ్లలో గుంపుగా ఈదే ముందు జాగ్రత్తలు

ఆక్వాటిక్ పార్క్ ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో బేలో నీరు చాలా నెలలు 10–16 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది.

• ముందురోజే పోటుపాట్ల వేళలు చూడండి. పాటు నీరు, అంటే వెనక్కి తీసే నీరు, సముద్రంలోకి దారైన గోల్డెన్ గేట్ వైపు లాగేస్తుంది. పార్క్ దగ్గర నీళ్లలోకి వంపు తిరిగిన కట్ట (పియర్) దాటొద్దు.

• నీళ్లలోకి దిగని మనిషి ఒకరు ఒడ్డునే ఉండాలి, చేతిలో పేర్ల జాబితా, ఫోను. దిగినవాళ్లనీ ఎక్కినవాళ్లనీ లెక్కపెట్టడమే వాళ్ల పని. ఇది కుదరకపోతే ఈత మానేయండి.

• జతలుగా ఈదండి. మెరిసే రంగు టోపీ, నడుముకు తేలే బుడగ.

• దూకొద్దు. చలిదెబ్బకు మొదటి నిమిషంలో ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు తల మునిగితే నీరు ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నడుములోతులో నిలబడి, ముఖం తడుపుకుని, ఊపిరి కుదురుకున్నాకే కదలండి. గుండెజబ్బు, బీపీ ఉంటే డాక్టరు సరే అన్నాకే.

• కొత్తవాళ్లకు 10 నిమిషాలు చాలు. మాట ముద్దగా వచ్చినా, వేళ్లు దగ్గరకు రాకున్నా వెంటనే ఒడ్డుకు.

• బయటికొచ్చాకా ఒళ్లు ఇంకాస్త చల్లబడుతుంది. పొడిబట్టలు, ఉన్ని టోపీ, వెచ్చని టీ. వేడినీళ్ల షవర్ వద్దు, కళ్లు తిరుగుతాయి. వణుకు పూర్తిగా తగ్గేదాకా కారు తాళం ఇవ్వకండి.