ట్రెయిలర్ తగిలించాక బండి తేడాగా ఉందా? ముందు డోర్ తీసి స్టిక్కర్ చూడండి

ఇక్కడ అమెరికాలో మనోళ్లు ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొనేటప్పుడు బెడ్లు, కిచెన్ అన్నీ పది సార్లు చూస్తారు, లాగాల్సిన బండి దగ్గరకొచ్చేసరికి డీలర్ "ఈజీగా లాగేస్తుంది" అంటే తలూపేస్తారు.

సమస్య: బండి వెనక భాగం కూలబడుతోంది, స్టీరింగ్ తేలిగ్గా అనిపిస్తోంది

కారణం: పేలోడ్ (బండి తన మీద మోయగల బరువు) దాటేశారు. టోయింగ్ కెపాసిటీ (లాగగల బరువు) 9000 పౌండ్లు అని యాడ్‌లో చూసి కొంటాం గానీ అసలు నంబర్ డ్రైవర్ డోర్ తీస్తే పక్కన ఫ్రేమ్‌కి అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది, మనుషులు సామాను కలిపి ఇంత దాటకూడదు అని. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (బండి వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అది కూడా ఇందులోంచే పోతుంది. 6000 పౌండ్ల ట్రెయిలర్‌కి 13 శాతం వేస్కుంటే 780. స్టిక్కర్ మీద 1400 ఉంటే మిగిలేది 620, అందులో మీరిద్దరు, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, రైస్ కుక్కర్, బియ్యం బస్తా... ఎక్కడ సరిపోద్ది చెప్పండి.

పరిష్కారం: బ్రోషర్‌లో డ్రై వెయిట్ (ఖాళీ ట్రెయిలర్ బరువు) వదిలేసి ట్రెయిలర్ జీవీడబ్ల్యూఆర్‌తో (సామానుతో కలిపి ఉండగల గరిష్ఠ బరువు) లెక్కేయండి. గ్యాలన్ నీళ్లే 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంక్ నింపితే 330 పైనే. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువు పంచే రకం హిచ్) పెడితే ముందు చక్రాల మీదకి కొంత బరువు తిరిగొస్తుంది, అంతే, పేలోడ్ మాత్రం పెరగదు (పెరుగుద్దని చెప్పి అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త). ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (ట్రక్కులు తూచే కాటా) మీద ఫుల్ లోడ్‌తో తూకం వేయించండి. ఇంకా కొనకపోతే, డీలర్ లాట్‌లో నిల్చున్న, మీరు కొనబోయే ఆ బండి స్టిక్కరే చూడండి, ఒకే ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో కూడా ట్రిమ్‌ని (ఆ మోడల్‌లో రకాన్ని) బట్టి పేలోడ్ బాగా మారిపోతుంది, హంగులు పెరిగేకొద్దీ తగ్గుద్ది.

సమస్య: పక్కనుంచి పెద్ద ట్రక్ వెళ్తే ట్రెయిలర్ ఊగుతోంది

కారణం: సామానంతా వెనక సర్దేసి హిచ్ మీద బరువు 10 శాతం కన్నా తగ్గిపోయుంటుంది, లేదా పొడుగు ట్రెయిలర్‌కి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) చిన్నగా ఉన్న ఎస్‌యూవీ తగిలించుంటారు.

పరిష్కారం: బరువైనవి యాక్సిల్‌కి కొంచెం ముందుకి జరపండి, స్వే కంట్రోల్ (ఊగడం తగ్గించే పరికరం) పెట్టించండి. ఊగడం మొదలైతే బండి బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్పీడ్ పెంచొద్దు, గ్యాస్ పెడల్ వదిలేసి బ్రేక్ కంట్రోలర్ (డ్రైవర్ దగ్గర ఉండే ట్రెయిలర్ బ్రేకుల పెట్టె) మీద చేత్తో ట్రెయిలర్ బ్రేక్ ఒక్కటే వేయండి. చిన్న బండి అయితే ఇవన్నీ పైపై మందే, మార్చాల్సింది బండినే.

సమస్య: ఘాట్ ఎక్కుతుంటే పవర్ లేదు, దిగుతుంటే బ్రేకుల కాలిన వాసన

కొలరాడోలో డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా వెళ్లారంటే 11000 అడుగులు దాటేస్తారు, టర్బో లేని ఇంజన్‌కి ప్రతి 1000 అడుగులకి దాదాపు 3 శాతం పవర్ పోతుంది. కొండలు తిరిగేవాళ్లు టర్బో గానీ డీజిల్ గానీ చూస్కోండి. దిగేటప్పుడు టో/హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పుడు వాడే గేర్ సెట్టింగ్) తక్కువ గేర్, 7 పిన్ కనెక్టర్ (ట్రెయిలర్ లైట్లకి, బ్రేకులకి కరెంటు ఇచ్చే ప్లగ్), బ్రేక్ కంట్రోలర్ ఉండాల్సిందే.

సియెన్నా, ఒడిస్సీ మినీవ్యాన్లు ఉన్నోళ్లకి లిమిట్ 3500 పౌండ్లు, పాప్-అప్ (మడిచి పెట్టే టెంట్ ట్రెయిలర్) లాంటి చిన్నవి చూస్కోండి.