పాత జీపులో టక్ టక్ ఎక్కడిది?
తలకోన మట్టిదారిలో ఫోర్‌వీల్ వేసి, భాకరాపేట తారురోడ్డెక్కాక తీయబోతే లివర్ కదలట్లేదా? గేర్‌బాక్స్ పోయిందని టెన్షన్ పడకండి. పాత మహీంద్రా జీపుల్లో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల సెట్టు) ఉండదు కాబట్టి గట్టి రోడ్డు మీద ముందు, వెనక యాక్సిళ్ల మధ్య బిగుసుకుపోతుంది. నాలుగడుగులు తిన్నగా రివర్స్ చేస్తే వదిలేస్తుంది.

క్లచ్ వదలగానే టక్‌మంటే మొదట ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు శక్తినిచ్చే పొడవాటి కడ్డీ) చివర్ల జాయింట్లలో ఉండే క్రాసులు చూడాలి. చదునైన చోట ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి, కిందికి దూరి షాఫ్ట్‌ను అటూ ఇటూ తిప్పండి. జాయింట్‌లోనే లూజున్నా, క్రాస్ కొనలకుండే కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపించినా క్రాస్ అయిపోయినట్టే. విప్పేముందు ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) మీద, స్లిప్ జాయింట్ (షాఫ్ట్ లోపలికీ బయటికీ జారే చోటు) మీద సుద్దతో కాదు, గీరి గుర్తులు పెట్టుకోండి, లేదంటే కొత్త క్రాస్ వేసినా బండి వణుకుతుంది.

వెనక నుంచి ఊళ వస్తోందా? మెకానిక్ వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పుదామనే లోపు దాంట్లో ఆయిల్ లెవెల్ చూడమనండి.