‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ ఎప్పుడు వాడాలి?

ఎప్పుడో గానీ జరగని పని గురించి ఇంగ్లిష్‌లో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటారు. మనం ‘అమావాస్యకో పున్నమికో’ అంటామే, అదే. కాకపోతే మన అమావాస్యా పున్నమీ నెలనెలా వచ్చేవే, వాళ్ల బ్లూ మూన్ రావడానికి మాత్రం సగటున రెండున్నరేళ్ల పైనే పడుతుంది.

ఒకే ఇంగ్లిష్ నెలలో రెండు పున్నములు పడితే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.5 రోజులు కాబట్టి, 1వ తేదీనో 2నో ఒకటి వస్తే నెలాఖరులో ఇంకోటి ఇరుక్కుంటుంది. ఆలోచిస్తే మన అధికమాసం వచ్చేదీ ఏడాదిలో పన్నెండు పున్నములు పోగా మిగిలే రోజుల వల్లే, 19 ఏళ్లలో దాదాపు ఏడుసార్లు, ఇదీ అంతే. 2023 ఆగస్టులో బ్లూ మూన్ వచ్చింది, ఆ ఏడే మనకి అధిక శ్రావణం కూడా. చంద్రుడేం నీలంగా మారడు.

ఇక వాడకం. వాక్యం చివర పెట్టేయండి: ‘ఐ గో టు గోల్కొండ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్.’ పుట్టి పెరిగింది హైదరాబాదే అయినా నేను గోల్కొండ ఎక్కేది ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడే, అందుకే ఈ ఉదాహరణ. ‘ఇన్ ద బ్లూ మూన్’ అనకండి, తప్పు. కొంచెం ఒత్తి చెప్పాలంటే ముందు ‘ఓన్లీ’ తగిలించండి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, టైము ప్రకారం వచ్చేవాటికి కూడా దీన్ని వాడేస్తారు. ఖైరతాబాద్ గణేశుడు ఏటా చవితికి వస్తాడు, పుష్కరాలు లెక్కగా 12 ఏళ్లకి వస్తాయి, వీటికి ఇది కుదరదు. ఎప్పుడొస్తాడో తెలియని బాబాయికి బ్రహ్మాండంగా కుదురుతుంది, అయితే ఎదురుగా అంటే దెప్పినట్టుంటుంది, జాగ్రత్త. ఆఫీసు మెయిల్స్‌లో వద్దు, సర్వర్ ఎన్నిసార్లు ఆగిందని క్లయింట్ అడిగితే అంకె చెప్పాలి.

నేనైతే అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునే రోజుల్లో దీనికి ‘అవసరమైనప్పుడల్లా’ అని అర్థం అనుకున్నాను. మాదాపూర్‌లో మొదటి ఇంటర్వ్యూ, ఎక్సెల్ వాడతావా అని అడిగారు. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, సర్’ అన్నాను, గర్వంగా. ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు. ఇంటికొచ్చి చెప్తే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, అసలు అర్థం అప్పుడు తెలిసింది నాకు.