పాత టర్బో డీజిల్ కారుకి పొల్యూషన్ టెస్ట్: నాజిల్స్ విప్పించే ముందు గాలి సంగతి చూడండి

పదేళ్లు దాటిన డీజిల్ కారు ఉన్నోళ్లకి పొల్యూషన్ సర్టిఫికెట్ టైమ్ దగ్గర పడిందంటే ఒక టెన్షన్ ఉంటుంది, పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి బండి చూపించాల్సిన వాళ్లకైతే ఇంకా ఎక్కువ. ఫెయిల్ అయ్యి మెకానిక్ దగ్గరికి పోతే చాలాచోట్ల వినిపించే మొదటి మాట "నాజిల్స్ పోయాయి సార్", రెండో మాట "టర్బో దించాలి". నాజిల్స్ అంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి, టర్బో అంటే ఎగ్జాస్ట్ గాలితో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది, రెండూ జేబుకి పెద్ద దెబ్బే. నిజంగా అవి పోయుంటే చేయించాల్సిందే, కాదనను, కానీ అక్కడిదాకా పోయేలోపు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో సగం మనం ఇంటి ముందు బానెట్ ఎత్తి చూసుకోగలిగినవే.

మాది 2011 డీజిల్ కారు, హైదరాబాద్‌లో కొన్నది, లక్షా నలభై వేలు తిరిగింది. టెస్ట్‌లో పొగ రీడింగ్ 71 వచ్చింది, రావాల్సింది 50 లోపు. రెండు చోట్ల నాజిల్సే అన్నారు. చివరికి తేలిందేంటంటే ఒక రబ్బరు హోస్ పైపుకి వేలెడంత చీలిక. అది మార్చి, ఈజీఆర్ వాల్వ్ (అదేంటో కింద చెప్తా) క్లీన్ చేయించి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాక 38 వచ్చింది. నాజిల్స్ ముట్టుకోలేదు.

ముందు మీ బండికి లిమిట్ ఎంతో తెలుసుకోండి, ఇది చాలామంది చూసుకోరు. డీజిల్ బండికి కొలిచేది పొగ ఎంత చిక్కగా ఉందన్నది, దాన్ని హెచ్‌ఎస్‌యూ అనే లెక్కలో చెప్తారు. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి ఏ పొల్యూషన్ రూల్ ప్రకారం తయారైందో చెప్పేది. బీఎస్-4 కంటే ముందు బండ్లకి 65, బీఎస్-4 బండ్లకి 50. స్లిప్పు మీద ఇంకో నంబర్ కూడా ఉంటుంది, కే వాల్యూ అంటారు, 65 అంటే అందులో 2.45, 50 అంటే 1.62, రెండూ ఒకే విషయాన్ని రెండు రకాలుగా చెప్పడం అంతే. బీఎస్-6 వాటికి ఆ కే వాల్యూ 0.7 లోపే ఉండాలి. ఇందులో మన వాళ్లకి ఒక తిరకాసు ఉంది: బీఎస్-4 రూల్ 2010 ఏప్రిల్‌లో వచ్చింది హైదరాబాద్‌తో కలిపి 13 సిటీలకే, దేశం మొత్తానికి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అంటే 2012లో హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన కారు బీఎస్-4, అదే ఏడాది విజయవాడలోనో వరంగల్‌లోనో కొన్నది బీఎస్-3 అయ్యుండొచ్చు. పేపర్లలో ఏముందో చూసుకుని వెళ్లండి, ఎందుకంటే టెస్ట్ చేసే అబ్బాయి కంప్యూటర్‌లో తప్పు కొడితే 58 వచ్చిన బీఎస్-3 బండి కూడా ఫెయిల్ అని చూపిస్తుంది. సర్టిఫికెట్ కూడా అంతే, బీఎస్-4కి ఏడాది, అంతకంటే పాతవాటికి ఆరు నెలలు.

ఇప్పుడు టెస్ట్ ఎలా చేస్తారంటే, బండి న్యూట్రల్‌లో పెట్టి, ఐడిల్ నుంచి యాక్సిలరేటర్ ఒక్కసారిగా కిందిదాకా తొక్కుతారు, ఇంజిన్ ఎంతవరకు పోతుందో అంతవరకు పోనిచ్చి వదిలేస్తారు, ఆ టైమ్‌లో సైలెన్సర్‌లో పెట్టిన ప్రోబ్ పొగ పీక్ రీడింగ్ తీసుకుంటుంది. ఇలా చాలాసార్లు చేసి యావరేజ్ తీస్తారు. టర్బో బండికి ఇది కష్టమైన పరీక్షే, ఎందుకంటే టర్బో తిరగాలంటే ముందు ఎగ్జాస్ట్ గాలి కావాలి, మనం తొక్కిన ఆ మొదటి క్షణంలో డీజిల్ వచ్చేస్తుంది కానీ టర్బో ఇంకా స్పీడ్ అందుకోదు, గాలి తక్కువ డీజిల్ ఎక్కువ అయితే నల్ల పొగే. కొత్త బండిలో కంప్యూటర్ ఈ గ్యాప్‌ని బాగానే కవర్ చేస్తుంది, పాత బండిలో ఎక్కడో గాలి లీక్ అవుతుంటే అది చేయలేదు.

పొగ రంగు చూస్తే సగం అర్థమవుతుంది. సాయంత్రం వెలుతురు ఉండగా ఒకళ్లని వెనక నిలబెట్టి రేస్ చేయండి. నల్లగా వస్తే గాలి సరిపోవట్లేదు లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, టర్బో సీల్ దగ్గరో పిస్టన్ రింగుల దగ్గరో. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతుందేమో చూడాలి, అది పొల్యూషన్ సంగతి కాదు, ముందు బండి ఆపి చూపించాల్సిన విషయం. మిగతాదంతా నల్ల పొగ గురించే రాస్తున్నా, ఎందుకంటే ఎక్కువమంది ఫెయిల్ అయ్యేది దానివల్లే.

ఎయిర్ ఫిల్టర్ ముందు తీయండి. మన రోడ్ల దుమ్ముకి సర్వీస్ బుక్‌లో రాసిన కిలోమీటర్లదాకా అది ఆగదు. గాలి కొట్టి మళ్లీ వేయడం కాదు, కొత్తది వేయండి.

తర్వాత హోస్ పైపులు, ఇక్కడ టైమ్ పెట్టండి, నా బండి విషయం తేలింది ఇక్కడే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడ్నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే లావు రబ్బరు పైపులు ఉంటాయి. పదేళ్ల వేడికి, ఆయిల్ ఆవిరికి రబ్బరు మెత్తబడి క్లాంప్ ఉన్నచోట చీలుతుంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు చూస్తే ఏమీ కనపడదు, చీలిక మూసుకుపోయి ఉంటుంది, ప్రెషర్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. నాకు దొరికింది ఎలాగంటే, పైపు కింది వైపు చేయి పెట్టి తడుముతుంటే ఒకచోట జిడ్డుగా తగిలింది, మిగతా పైపంతా పొడి దుమ్ము, ఆ ఒక్కచోట మాత్రం అరచేయంత మేర ఆయిల్‌తో కలిసిన నల్ల మట్టి పేరుకుపోయింది. గుడ్డతో తుడిచి పైపుని విల్లులా వంచితే క్లాంప్ పక్కనే చీలిక నోరు తెరిచింది. చల్లారిన ఇంజిన్ మీదే ఈ పని చేయండి, ఇంకొకళ్లు రేస్ చేస్తుండగా చేతులు లోపల పెట్టొద్దు, ఫ్యాను, బెల్టులు అక్కడే ఉంటాయి. చేయి అందని చోట ఉంటే గ్యారేజ్‌లో కొంచెం ప్రెషర్‌తో గాలి పట్టించి సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి, పంక్చర్ చూసినట్టే.

ఈ ఒక్క చీలికకి అంత పొగ ఎందుకంటే, ఎయిర్ ఫిల్టర్ పక్కన ఒక సెన్సర్ ఉంటుంది, మాఫ్ సెన్సర్ అంటారు, లోపలికి ఎంత గాలి పోయిందో అది లెక్కపెడుతుంది, ఆ లెక్కకి తగ్గట్టు కంప్యూటర్ డీజిల్ వదులుతుంది. లెక్కలోకి వచ్చిన గాలి మధ్యదారిలో చీలికలోంచి బయటికి పోతే ఇంజిన్‌కి చేరేది తక్కువ, పడే డీజిల్ మాత్రం పూర్తి లెక్కకి. దాంతోపాటు పికప్ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు, రేస్ చేస్తే బుస్సుమని సౌండ్ వస్తుంది. ఈ మూడూ కలిసి ఉంటే ముందు పైపే చూడండి. ఆ మాఫ్ సెన్సర్‌ని కూడా దాని కోసమే అమ్మే స్ప్రేతో కడగండి, పెట్రోల్‌తోనో కార్బ్ క్లీనర్‌తోనో కడిగితే లోపలున్న సున్నితమైన భాగం పోవచ్చు.

పైపు విప్పినప్పుడు ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ ఎంత ఉందో చూడండి. లోపల తడి పూతలా ఉంటే ఫర్వాలేదు, పాత బండ్లలో మామూలే. వంచితే ధారగా కారుతోందంటే మాత్రం అది పూర్తిగా కారిపోయి ఆరేదాకా, ఆయిల్ ఎక్కడ్నుంచి వస్తుందో తేలేదాకా టెస్ట్‌కి పోవద్దు. ఫుల్ రేస్ చేసినప్పుడు ఆ ఆయిల్ ఇంజిన్‌లోకి పోతే డీజిల్ ఇంజిన్ దాన్నే కాల్చుకుంటూ తిరుగుతుంది, కీ తీసేసినా ఆగదు. మాన్యువల్ బండి అలా అయితే బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి, పై గేర్ వేసి, క్లచ్ వదిలి ఆపాలి. అదే టైమ్‌లో డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) కూడా తీసి చూడండి, ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంటే తీయించండి, ఎక్కువ పోసిన ఆయిల్ కూడా ఈ దారిలోకే వస్తుంది.

ఈజీఆర్ వాల్వ్ అంటే ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది. సిటీలో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి దీంట్లో కార్బన్ పట్టి వాల్వ్ పూర్తిగా మూసుకోదు, రేస్ చేసినప్పుడు కూడా పొగే లోపలికి పోతుంది, మంచి గాలికి చోటు ఉండదు. విప్పి క్లీన్ చేసి కొత్త గ్యాస్కెట్‌తో బిగిస్తే చాలా బండ్లలో తేడా తెలుస్తుంది. కొందరు దానికి రేకు పెట్టి బ్లాక్ చేసేద్దాం అంటారు, ఒప్పుకోవద్దు. పొగ తగ్గుతుంది నిజమే, కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, ఈ టెస్ట్‌లో అవి కొలవరు కాబట్టి ఎవరికీ కనపడదు, మన పిల్లలు పీల్చేది మాత్రం అదే గాలి.

ఇవన్నీ అయ్యాక కూడా పొగ ఉంటే అప్పుడు డీజిల్ వైపు వెళ్లండి. డీజిల్ ఫిల్టర్ మార్చండి. నాజిల్స్ అనుమానం ఉంటే విప్పకముందే రిటర్న్ టెస్ట్ చేయమనండి, ఒక్కో నాజిల్ రిటర్న్ పైపుకి ఒక్కో చిన్న సీసా తగిలించి ఇంజిన్ నడిపితే ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి పంపుతుందో కంటికే కనిపిస్తుంది, నాలుగూ మార్చే బదులు ఒక్కటే రిపేర్‌తో పోవచ్చు. టర్బో అయితే ఇంజిన్ ఆపి, చల్లారాక, పైపు తీసి షాఫ్ట్‌ని వేళ్లతో కదిపి చూడాలి, పక్కలకి కొంచెం ఊగితే పర్లేదు, ముందుకీ వెనక్కీ ఆడుతున్నా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉన్నా అది పోయినట్టే.

టెస్ట్‌కి ముందు రోజు కాదు, అదే రోజు బండిని బాగా తిప్పండి. సిటీలో నెలల తరబడి మెల్లగా తిరిగితే పట్టిన మసి సైలెన్సర్‌లో పేరుకుని ఉంటుంది, టెస్ట్‌లో మొదటిసారి తొక్కగానే అదంతా ఒక్కసారి బయటికి వస్తుంది. అది రోడ్డు మీద పోవాలి. హైదరాబాద్ వాళ్లయితే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కండి, వేరే ఊళ్ల వాళ్లు హైవే, ఒక అరగంట నలభై నిమిషాలు, టాప్ గేర్‌లో కాకుండా ఒక గేర్ కింద, 2500 నుంచి 3000 ఆర్‌పీఎం మధ్య, స్పీడ్ లిమిట్ లోపలే. అక్కడ్నుంచి నేరుగా సెంటర్‌కి. లైన్ పెద్దగా ఉండి అరగంట ఐడిల్‌లో నిలబడితే పడిన కష్టం సగం పోతుంది, కాబట్టి జనం లేని టైమ్ చూసుకోండి, నేను పొద్దున్నే ఏడున్నరకి వెళ్లాను. ఏసీ ఆఫ్ చేసి, ప్రోబ్ పెట్టకముందు రెండు మూడు సార్లు రేస్ చేస్తానని అడగండి, సైలెన్సర్ పైపు క్లియర్ అవ్వడానికి అలా చేయాల్సిందే, వద్దనరు.

ఒక్క హెచ్చరిక. టైమింగ్ బెల్ట్ (వాల్వులు సరైన టైమ్‌కి తెరుచుకునేలా తిప్పే బెల్ట్) ఉన్న ఇంజిన్ అయితే, ఉదాహరణకి పాత ఇన్నోవా 2.5, బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియకుండా ఫుల్ రేస్ టెస్ట్‌కి పెట్టొద్దు. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ మొత్తం పోవచ్చు. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 ఇంజిన్‌కి చెయిన్ ఉంటుంది, దానికి ఈ భయం తక్కువ, కానీ స్టార్ట్ చేసినప్పుడు గరగరమని చెయిన్ సౌండ్ వస్తుంటే అది కూడా ముందు చూపించుకోవాలి.

కొంతమంది ప్రోబ్ పెట్టకుండానే, బండి ఫొటో తీసి సర్టిఫికెట్ చేతిలో పెడతామంటారు. తీసుకోకండి. చట్టంలో ఫైన్ 10,000 దాకా ఉంది, అది ఒకెత్తు. నిజం టెస్ట్‌లో 71 రాకపోయుంటే నా బండిలో పైపు చీలిందని నాకు తెలిసేదే కాదు, అలాగే తిరుగుతుంటే టర్బో అవసరానికి మించి తిరిగి అది కూడా పోయేది.

పాస్ అయ్యాక ఆ స్లిప్పు ఫొటో తీసి, కిలోమీటర్ రీడింగ్ రాసి ఫోన్‌లో పెట్టుకోండి. వచ్చే ఏడాది 38 కాస్తా 46 అయితే అది కూడా పాసే, కానీ ఆ ఎనిమిది పాయింట్లు ఎక్కడ్నుంచి వచ్చాయో అప్పుడే బానెట్ ఎత్తి, అదే పైపుల దగ్గర్నుంచి మొదలుపెట్టి చూడండి.