ఆఫీసు కార్డుతో విదేశీ ప్రయాణమా? బిల్లు గొడవ రాకముందే ఈ జాగ్రత్తలు

ఆఫీసు పని మీద విదేశానికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, వీసా, చలికోటు రెండేసి సార్లు చూసుకుంటాం. కంపెనీ ఇచ్చిన కార్డు సంగతి మాత్రం పట్టించుకోం. తిరిగొచ్చాక స్టేట్‌మెంట్‌లో తెలియని మొత్తం కనబడితే అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

బయల్దేరే ముందే ఫైనాన్స్ వాళ్లను అడగండి: ఈ కార్డు బాకీ కట్టాల్సింది కంపెనీయా, మీరా? కొన్నిచోట్ల ముందు ఉద్యోగి కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అలాంటి కార్డయితే వివాదం తేలేదాకా ఆ బరువు మీ నెత్తినే ఉంటుంది. ఫిర్యాదు మీరే చేయాలా, ఆఫీసు ద్వారా వెళ్లాలా అన్నదీ అప్పుడే కనుక్కోండి.

ఎక్కువ చిక్కులు హోటల్లోనే వస్తాయి. చెకిన్‌లో వాళ్లు కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. అది ఖర్చు కాదు, కొన్ని రోజులకు విడుదలవుతుంది. దాన్ని చూసి కంగారుపడి ఫిర్యాదు చేయకండి. చెకవుట్‌లో మాత్రం వివరాలన్నీ ఉన్న ఫైనల్ బిల్లు తీసుకుని కౌంటర్ దగ్గరే చదవండి. తాగని మినీబార్ సీసా లెక్క అక్కడ 2 నిమిషాల్లో తీసేస్తారు. ఇంటికొచ్చాక అదే పని నెలలు పడుతుంది. స్వైప్ మెషీన్ రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలు నొక్కితే వాళ్లు చెప్పిన మారకం రేటుకు మీరు ఒప్పుకున్నట్టే, తర్వాత వాదించడం కష్టం.

ఒకసారి నేను ఫోన్లోనే గది రద్దు చేసుకున్నాను. క్యాన్సిలేషన్ నంబరు అడగలేదు. ఒక రాత్రి అద్దె పడింది, నా దగ్గర రుజువు లేదు, డబ్బు వెనక్కి రాలేదు. అప్పటినుంచి మెయిల్లో కన్ఫర్మేషన్ వచ్చేదాకా వదలను.

తెలియని పేరు కనబడగానే మోసం అనుకోవద్దు. హోటల్ బోర్డు మీద ఒక పేరు, బిల్లులో దాన్ని నడిపే సంస్థ పేరు ఉండొచ్చు. తేదీ, మొత్తం మీ రసీదులతో పోల్చండి. మీరు వాడిన చోటే ఎక్కువ వసూలు చేస్తే అది వివాదం. ముందు ఆ హోటల్‌కు మెయిల్ రాయండి, జవాబు రాకపోతే అదే మెయిల్ బ్యాంకుకు రుజువవుతుంది. మీరు అసలు చేయని లావాదేవీ అయితేనే మోసం. ఈ తేడా ఎందుకంటే, ‘ఇది నాది కాదు’ అనగానే బ్యాంకు కార్డు ఆపేస్తుంది. పరాయి ఊళ్లో, ప్రయాణం మధ్యలో కార్డు లేకుండా మిగులుతారు.

నిజంగా మోసమైతే మాత్రం గంట కూడా ఆగొద్దు. 2017 జులై 6 నాటి ఆర్బీఐ ఆదేశాల ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా వేరెక్కడో జరిగి, బ్యాంకు మెసేజ్ అందిన 3 పనిదినాల్లోపు మీరు చెబితే ఆ నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మీదే. అందుకే మెసేజ్‌లు వచ్చే నంబరు విదేశంలోనూ పనిచేసేలా రోమింగ్ పెట్టుకోండి.

బిల్లు తప్పని రాస్తే బ్యాంకు 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలన్నది 2022 నాటి క్రెడిట్ కార్డుల నిబంధన. ఈలోగా వివాదం లేని మిగతా మొత్తం గడువులోపు కట్టించండి. వివాదంలో ఉన్న దాన్ని మామూలు ఖర్చుగా క్లెయిమ్ చేయకండి. రేపు బ్యాంకు వెనక్కిస్తే ఒకే డబ్బు రెండుసార్లు తీసుకున్నట్టవుతుంది. ఫిర్యాదు నంబరు జతచేసి ఫైనాన్స్‌కు ముందే మెయిల్ పెట్టండి.