పార్టీ అండ లేకుండా మీ డివిజన్ నీటి పటం తయారు చేసుకోవడం ఎలా

హైదరాబాదులో నగర ప్రణాళిక అనగానే ఫ్లైఓవర్లు, మెట్రో మార్గాలే చర్చకు వస్తాయి. ఏ పార్టీకీ చెందని నా దృష్టిలో మాత్రం డివిజన్ (కార్పొరేషన్ వార్డు) ప్రణాళిక వాననీరు ఎటు పోవాలన్న ప్రశ్నతో మొదలుకావాలి. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఎగువ నీటిని ఆపుతాయే గాని, నగరం లోపల కురిసే వానను మోయవలసినవి గొలుసుకట్టు చెరువులూ వాటిని కలిపే నాలాలే. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగిన సంగతి మనమెవరమూ మరువలేదు.

ముందుగా వేసవిలో, నాలా అడుగు కనిపించే రోజుల్లో, మీ చెరువు అలుగు (మిగులు నీరు బయటికి పోయే చోటు) దగ్గర బయలుదేరి తరువాతి చెరువు దాకా, లేదా మూసీ దాకా, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారితో కలిసి నడవండి. ప్రతి కల్వర్టు దగ్గరా వెడల్పు కొలిచి రాసుకోండి. దిగువకు పోయేకొద్దీ పెరగవలసిన వెడల్పు ఎక్కడ తగ్గిందో అక్కడే మీ కాలనీ ముంపుకు మూలం ఉండే అవకాశం ఎక్కువ. ఆ కొలతలను గ్రామ నక్షా (రెవెన్యూ పటం) మీద, సర్వే నంబర్ల వారీగా గుర్తించండి.

2012 నాటి భవన నిర్మాణ నియమాల 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పు గల నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్ల మేర నిర్మాణాలు ఉండకూడదు.

తరువాతి పని సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడే చాలామంది పొరపడతారు. "ఎందుకు అనుమతించారు?" అని అడిగితే ఉపయోగం లేదు, ఎందుకంటే కార్యాలయం ఇవ్వవలసింది తన దగ్గర రికార్డుగా ఉన్న సమాచారమే గాని సంజాయిషీ కాదు. చెరువు హద్దుల పటం, ఆ హద్దులను ప్రకటించే ప్రాథమిక, తుది నోటిఫికేషన్ల నకళ్లు హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నుంచీ, ఫలానా సర్వే నంబరులో ఇచ్చిన నిర్మాణ అనుమతి నకలు జీహెచ్‌ఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగం నుంచీ పేరు పెట్టి అడగండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. తుది నోటిఫికేషన్ ఇంకా వెలువడకపోతే అభ్యంతరాల గడువులోగా మీ కొలతలనూ ఫొటోలనూ జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

నాలా పనులు కోరుతూ వినతిపత్రం ఇచ్చేటప్పుడు దిగువ నుంచి మొదలుపెట్టమని పట్టుబట్టండి. కింద ఇరుకు అలాగే ఉండగా ఎగువ నాలాను వెడల్పు చేస్తే మన వాకిట్లోని నీరు మరింత వేగంగా పొరుగు బస్తీ ఇళ్లలోకి పోతుంది. అట్లాగే ఆక్రమణల జాబితాలో గుడిసెలు మాత్రమే కాక, అపార్ట్‌మెంట్ల ప్రహరీలు కూడా ఉండాలి. నిరుపేదలకు నివాసం చూపించిన తరువాతే వారిని కదిలించాలని ఆ వినతిపత్రంలోనే రాయండి. స్వతంత్ర సభ్యునికి కార్పొరేషన్ కౌన్సిల్‌లో ఉండేది ఒక్క ఓటే అయినా, సర్వే నంబర్లతో కూడిన పటం బల్ల మీద పెడితే ఏ పక్షమూ దానిని దాటవేయలేదు.

మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు అదే దారిన మళ్లీ నడిచి, గోడల మీద నీరు నిలిచిన ఎత్తును కొలిచి, తేదీతో సహా పటంలో చేర్చండి.